అమాక్సిసిలిన్ వాడుతుండగా ఒంటి మీద మచ్చలు వస్తే: ఏది ఎలర్జీ, ఏది కాదు

గాజువాక నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె ఏడేళ్ల కుమారుడికి గొంతు నొప్పి, జ్వరం వస్తే డాక్టరు గారు పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్, దాని పని చెడకుండా కాపాడే క్లావులనేట్ కలిసిన సిరప్ రాశారు. రెండో రోజు నుంచి పల్చటి విరేచనాలు మొదలయ్యాయి. ఆరో రోజు ఉదయం పొట్ట మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు కనిపించి, సాయంత్రానికి చేతులకు, కాళ్లకు పాకాయి. దురద కొద్దిగా ఉంది, జ్వరం లేదు, పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నాడు. వాళ్ల అత్తగారికి చిన్నతనంలో పెన్సిలిన్ ఇంజెక్షన్ పడలేదట. ఇది ఆ కుటుంబంలో వచ్చే ఎలర్జీయేనా, మందు ఆపాలా, ఇకపై పిల్లవాడికి పెన్సిలిన్ జాతి మందులు ఎన్నడూ ఇవ్వకూడదా అన్నది ఆమె ఆందోళన. విశాఖపట్నంలో చాలా ఏళ్లుగా జనరల్ మెడిసిన్ వైద్యం చేస్తూ ఇదే ప్రశ్నను తరచూ వింటున్నాను కనుక వివరంగా రాస్తున్నాను.

అమ్మా, మీరు చెప్పిన వివరాలను బట్టి ఇది ప్రాణం మీదికి తెచ్చే రకం ఎలర్జీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అయినా తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి, ఈ రోజే మందు రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి పిల్లవాడిని చూపించండి. అదే మందు కొనసాగించాలా, వేరే మందుకు మారాలా, లేక యాంటీబయాటిక్ అవసరమే తీరిపోయిందా అన్నది పిల్లవాడిని కళ్లారా చూసినవారే తేల్చాలి. ఈలోగా పెదవులు, నాలుక, కళ్ల చుట్టూ వాపు వచ్చినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసంతో పిల్లికూతలు వినిపించినా, వరుసగా వాంతులై పిల్లవాడు సొమ్మసిల్లినా, నోట్లో పుండ్లు లేచినా, కళ్లు ఎర్రబడినా, చర్మం మీద బొబ్బలు వచ్చి పొర ఊడుతున్నా మాత్రం ఇది చదువుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలో ఉన్న అత్యవసర విభాగానికి వెంటనే తీసుకువెళ్లండి.

ఇప్పుడు విరేచనాల సంగతి. అవి ఎలర్జీ కావు. యాంటీబయాటిక్ గొంతులోని సూక్ష్మజీవులతో పాటు పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి విరేచనాలు పల్చబడతాయి. పైగా ఈ సిరప్‌లోని క్లావులనేట్‌కు పేగుల కదలికను పెంచే గుణం ఉంది. అందుకే అమాక్సిసిలిన్ ఒక్కటే వాడినప్పటి కంటే ఈ రెండూ కలిసిన మందు వాడినప్పుడు విరేచనాలు ఎక్కువగా కనిపిస్తాయి. భోజనం మొదలుపెట్టేటప్పుడు మందు ఇస్తే కడుపు ఇబ్బంది తగ్గుతుంది. ఓఆర్ఎస్, మజ్జిగ, పెరుగన్నం, ఇంట్లో వండిన మెత్తటి తిండి ఇస్తూ ఉంటే చాలామంది పిల్లల్లో మందు ఆపిన కొద్ది రోజులకే విరేచనాలు సర్దుకుంటాయి. విరేచనాలను బిగపట్టే మాత్రలు మాత్రం పిల్లలకు ఇవ్వవద్దు. రక్తం పడటం, తీవ్రమైన కడుపు నొప్పి, జ్వరంతో కూడిన నీళ్ల విరేచనాలు ఉంటే అది వేరే విషయం. పేగుల్లో క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పెరిగినప్పుడు అలా జరగవచ్చు. మందు ముగిసిన కొన్ని వారాల తర్వాత కూడా ఇది రావచ్చు కనుక, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళితే ఫలానా నెలలో ఫలానా యాంటీబయాటిక్ వాడామని తప్పకుండా చెప్పాలి.

విరేచనాలు మరీ ఎక్కువగా ఉంటే సీసా మీది అంకెను ఒకసారి చూడండి. మన మెడికల్ షాపుల్లో ఈ సిరప్ 5 మిల్లీలీటర్లకు 228.5 మిల్లీగ్రాముల బలంతోనూ, 457 మిల్లీగ్రాముల బలంతోనూ దొరుకుతుంది. డాక్టరు గారు రాసినది మొదటిది, షాపులో ఇచ్చినది రెండోది అయితే, మీరు అదే 5 మిల్లీలీటర్లు పోసినా పిల్లవాడి ఒంట్లోకి రెట్టింపు మందు వెళుతుంది. సీసా, చీటీ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన మూత కొలతతోనో సిరంజితోనో కొలవండి. కాచి చల్లార్చిన నీళ్లతో కలిపిన సిరప్‌ను ఫ్రిజ్‌లో ఉంచి 7 రోజుల్లో వాడేసి, మిగిలింది పారబోయాలి. మన ఊరి ఉక్కకు, తేమకు క్లావులనేట్ త్వరగా పాడవుతుంది. గత నెల సీసా ఉంది కదా అని మళ్లీ వాడటం ఎంతమాత్రం తగదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పెన్సిలిన్ జాతి మందులకు శరీరం చూపే ప్రతిచర్యల్లో అన్నిటికంటే ముందు చూడవలసినది సమయం. డోసు వేసుకున్న నిమిషాల్లో, సాధారణంగా గంట లోపల మొదలయ్యేది తక్షణ ఎలర్జీ. రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ముందే తయారై ఉన్నవారిలో ఇది వస్తుంది. కందిరీగ కుట్టినట్టు ఉబ్బెత్తు దద్దుర్లు, విపరీతమైన దురద, పెదవుల వాపు, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఆయాసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం దీని లక్షణాలు. వీటిలో చర్మంతో పాటు ఊపిరి గానీ, రక్తప్రసరణ గానీ దెబ్బతింటే దాన్ని అనఫిలాక్సిస్ అంటాం. మీ అబ్బాయి 6 రోజులుగా మందు తాగుతున్నాడు, మచ్చలు ఒక ఉదయం మెల్లగా మొదలై సాయంత్రానికి పాకాయి, పిల్లవాడు ఆడుకుంటున్నాడు. ఈ కథ దానికి సరిపోదు.

మందు మొదలుపెట్టిన కొన్ని రోజుల తర్వాత పొట్ట మీద, వీపు మీద మొదలై, చదునుగానో కాస్త పొక్కులుగానో ఉండి, రెండు వైపులా సమానంగా పాకే ఎర్ర మచ్చలు ఆలస్యంగా వచ్చే రకం. పిల్లల్లో అమాక్సిసిలిన్ వాడేటప్పుడు ఇవి తరచుగా కనిపిస్తాయి. వీటిలో కొన్ని నిజంగా మందు వల్ల వస్తాయి. కానీ చాలా సందర్భాల్లో ఏ వైరస్ జ్వరం కోసం, గొంతు నొప్పి కోసం మందు మొదలుపెట్టామో ఆ వైరస్సే ఒంటి మీద మచ్చలు తెస్తుంది, నింద మందు మీద పడుతుంది. పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవేనని గుర్తుంచుకోండి. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ వల్ల గొంతు నొప్పి, మెడలో గడ్డలు, జ్వరం వచ్చినవారికి అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్లంతా మచ్చలు రావడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. వారిలో చాలామంది ఆ జబ్బు తగ్గాక అదే మందును ఏ ఇబ్బందీ లేకుండా వాడుకోగలుగుతారు.

ఉబ్బెత్తు దద్దుర్లకూ చదునైన మచ్చలకూ తేడా ఇంట్లోనే కనిపెట్టడానికి ఒక పద్ధతి చెబుతాను. వాటిలో ఒకదాని అంచు వెంట బాల్‌పెన్నుతో సన్నగా గీత గీసి, పక్కన టైము రాయండి. కొన్ని గంటల తర్వాత చూసేసరికి గీత లోపల చర్మం మామూలుగా అయిపోయి, దద్దు మరోచోట లేచి ఉంటే అది ఉబ్బెత్తు దద్దు. ఒక్కొక్కటి ఎక్కడైనా 24 గంటలకు మించి ఉండదు. మరునాటికీ గీత లోపలే కదలకుండా ఉండి, ఎరుపు మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంటే అది ఆలస్యంగా వచ్చే రకం మచ్చ. పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఉంచండి. మీరు డాక్టరు గారి గదిలోకి వెళ్లేసరికి దద్దుర్లు మాయమైపోవడం చాలా మామూలు, అప్పుడు ఆ ఫొటోలే సాక్ష్యం.

ఒక్క జాగ్రత్త. వానాకాలంలోనూ, ఆ తర్వాతి నెలల్లోనూ మన జిల్లాలో డెంగీ తిరుగుతూ ఉంటుంది. డెంగీలో కూడా జ్వరం తగ్గే రోజుల్లోనే ఒళ్లు ఎర్రబడి మచ్చలు వస్తాయి. జ్వరం తగ్గింది, మచ్చలు మందు వల్లే వచ్చాయి అని ఊరుకుంటే ప్లేట్‌లెట్లు పడిపోయే సమయాన్ని గమనించకుండా పోయే ప్రమాదం ఉంది. జ్వరం తగ్గిన తర్వాత కడుపు నొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం వంటివి ఉంటే రక్త పరీక్ష అదే రోజు చేయించాలి. టీకాలు పూర్తిగా పడని పిల్లల్లో తట్టు సంగతి కూడా ఆలోచించాలి. ఇక ఎండాకాలంలో మెడ మీద, వీపు మీద వచ్చే చెమటకాయలను చూసి మందు పడలేదని కంగారుపడి వచ్చేవారు కూడా ఉంటారు.

ఆలస్యంగా వచ్చే వాటిలో అరుదైనవి, కానీ నిజంగా భయపడవలసినవి కొన్ని ఉన్నాయి. నోరు, కళ్లు, జననాంగాల దగ్గర పుండ్లతో, జ్వరంతో, చర్మం నొప్పి పుడుతూ పొరలుగా ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వాటిలో ఒకటి. ముఖం వాచి, గ్రంథులు ఉబ్బి, కాలేయం దెబ్బతినే డ్రెస్ అనే ప్రతిచర్య మరొకటి. అమాక్సిసిలిన్ కంటే సల్ఫా మందులు, కొన్ని ఫిట్స్ మందులు ఇందుకు ఎక్కువగా కారణమవుతాయి, అయినా ఏ మందుతోనైనా ఇలా జరిగితే ఆ మందును జన్మలో మళ్లీ ముట్టకూడదు, పరీక్ష కోసమైనా ఇవ్వకూడదు. మందు తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో దద్దుర్లతో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం రావడం ఇంకొక రకం; అది భయపెట్టేదే గానీ చాలావరకు మందు ఆపితే తగ్గుతుంది.

పెద్దవారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. క్లావులనేట్ కలిసిన మాత్ర వాడిన తర్వాత కామెర్లు రావచ్చు; వయసు మళ్లిన మగవారిలో, రెండు వారాలకు మించి వాడినవారిలో ఇది ఎక్కువ. మాత్రలు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగి, ఒళ్లంతా దురద పుడుతుంటే పసరు మందు కోసం తిరగకుండా ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డోసు తగ్గించాలి. వార్ఫరిన్, మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు ముందే చెప్పాలి. యూరిక్ యాసిడ్ కోసం అల్లోప్యూరినాల్ వేసుకునేవారికి మచ్చలు వచ్చే అవకాశం పెరుగుతుంది.

మీ అత్తగారి ఎలర్జీ మీ అబ్బాయికి వారసత్వంగా రాదు. కుటుంబంలో ఒకరికి పెన్సిలిన్ పడకపోవడం మరొకరికి ఆ మందు ఆపడానికి కారణం కాదు. అంతేకాదు, ఆమెకు కూడా ఇప్పుడు ఆ ఎలర్జీ లేకపోవచ్చు. నిజమైన తక్షణ ఎలర్జీ ఉన్నవారిలో కూడా పదేళ్ల పాటు ఆ మందు జోలికి పోకపోతే సుమారు 80 శాతం మందిలో అది తగ్గిపోతుంది. అమెరికాలో దాదాపు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ ఎలర్జీ ఉందని చెబుతారు, సక్రమంగా పరీక్షిస్తే వారిలో 90 శాతానికి పైగా ఆ మందును మామూలుగా తట్టుకుంటారు. కెనడాలోని మాంట్రియల్‌లో అమాక్సిసిలిన్ ఎలర్జీ అనుమానం ఉన్న 818 మంది పిల్లలకు ఆసుపత్రిలో పర్యవేక్షణ మధ్య ఆ మందునే మళ్లీ ఇచ్చి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 94 శాతం మందికి ఏమీ కాలేదు.

ఎలర్జీ లేనివారికి ఉందని ముద్ర వేస్తే నష్టమేమిటి, జాగ్రత్తే కదా అని చాలామంది అనుకుంటారు. నష్టం ఉంది, అది రోగి మీదే పడుతుంది. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఫైలు మీద పెన్సిలిన్ ఎలర్జీ అని ఎర్ర సిరాతో రాసి ఉండేది. ప్రతిసారీ ఆయనకు ఖరీదైన, ఎక్కువ బలమైన, దుష్ఫలితాలు కూడా ఎక్కువే ఉన్న మందులు వాడుతూ వచ్చారు. కూర్చోబెట్టి అడిగితే తేలిందేమంటే, యువకుడిగా ఉన్నప్పుడు పరగడుపున మాత్ర వేసుకుని వాంతి చేసుకున్నారు. దద్దు లేదు, ఆయాసం లేదు. ఆ ఒక్క వాంతి ఎర్ర సిరాగా మారి ఆయన వెంట దశాబ్దాలు నడిచింది. ఇంతకంటే బాధ కలిగించేది రుమాటిక్ గుండె జబ్బు ఉన్న పిల్లల సంగతి. వాళ్లకు మూడు వారాలకు ఒకసారి బెంజాథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి పడాలి. గుండె కవాటాలు మరింత పాడవకుండా కాపాడేది అదే. నొప్పికి, భయానికి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లవాడికి మందు పడలేదని రాసేస్తే ఆ రక్షణ పోతుంది. గర్భిణికి సిఫిలిస్ ఉంటే కడుపులో బిడ్డను కాపాడటానికి సిఫారసు చేసే మందు కూడా పెన్సిలిన్ ఒక్కటే.

అందువల్ల మీ అబ్బాయి పూర్తిగా కోలుకున్నాక, కొన్ని వారాలు ఆగి, పిల్లల వైద్యులతోనో ఎలర్జీ నిపుణులతోనో ఈ విషయం మాట్లాడండి. ఇటువంటి సాధారణ మచ్చలు మాత్రమే వచ్చిన పిల్లలకు, అత్యవసర మందులన్నీ సిద్ధంగా ఉన్న చోట, ఒక డోసు తాగించి కొంతసేపు కనిపెట్టి ఉండటమే ఇప్పుడు సిఫారసు చేస్తున్న పద్ధతి. చర్మ పరీక్ష ముందుగా అక్కర్లేదు. ఇంట్లో మీరే ఒక చెంచా పోసి చూద్దామని మాత్రం అనుకోవద్దు. మన నర్సింగ్ హోముల్లో ఇంజెక్షన్‌కు ముందు చేతి మీద చర్మంలోకి చుక్క ఎక్కించే టెస్ట్ డోసు గురించి కూడా అడుగుతుంటారు. ప్రామాణికమైన ద్రావణాలతో, సరైన పలుచదనంతో చేయకపోతే మందు ఘాటుకే చర్మం ఎర్రబడి ఎలర్జీ అనిపించవచ్చు. ఏమీ కాకపోయినా ప్రమాదం లేదన్న హామీ రాదు. ఆ చుక్క కంటే పక్కన అడ్రినలిన్ ఆంప్యూల్ సిద్ధంగా ఉందా అన్నది నాకు ముఖ్యం.

అనఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్. ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఇచ్చి చూద్దామని ఆగడం వల్ల ప్రాణాలు పోతాయి. ఎవిల్ దురదను తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న రక్తపోటును నిలపదు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే అడ్రినలిన్‌ను తొడ బయటి వైపు మధ్య భాగంలో కండరానికి ఇవ్వాలి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన 20 కిలోల పిల్లవాడికి 0.2 మిల్లీలీటర్లు, పెద్దవారికి 0.5 మిల్లీలీటర్లు. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు. ఇది మీరు చేయవలసిన పని కాదు, కానీ పాడేరు, అరకు వైపు సబ్ సెంటర్లలో పనిచేసే సోదరీమణులు ఇది చదివితే వారికి ఉపయోగపడాలని రాస్తున్నాను. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి చేరేలోపు మొదటి ఇంజెక్షన్ పడి ఉండాలి. ఇంట్లోవారు చేయవలసింది రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచడం; ఆయాసంగా ఉంటే ఆనించి కూర్చోబెట్టడం. లేపి నడిపించుకుంటూ ఆటో దాకా తీసుకువెళ్లకూడదు, నిలబడిన క్షణంలో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రిలో కొంతకాలం ఉంచుతారు, తొందరపడి ఇంటికి వచ్చేయవద్దు.

నిజమైన పెన్సిలిన్ ఎలర్జీ ఉన్నవారికి సెఫలోస్పోరిన్లు అనే మరో జాతి యాంటీబయాటిక్‌లు కూడా పడవని పాత పుస్తకాల్లో 10 శాతం లెక్క ఉండేది. ఇప్పటి అవగాహన ప్రకారం అది సుమారు 2 శాతమే, అదీ అణువు పక్కగొలుసు, అంటే మూల అణువుకు పక్కన అతుక్కుని ఉండే భాగం, పోలికను బట్టి ఉంటుంది. అమాక్సిసిలిన్ పడనివారు దానితో పోలిక ఉన్న సెఫాడ్రాక్సిల్‌కు దూరంగా ఉండాలి. సెఫిక్సిమ్ పక్కగొలుసు వేరు. ఈ ఎంపిక మాత్రం డాక్టరుకే వదలండి.

ఫైలులోనో ఫోన్‌లోనో పెన్సిలిన్ పడదు అని ఒక్క ముక్క రాసుకుని ఊరుకోకండి. ఫలానా తేదీన, ఫలానా జబ్బుకు, ఫలానా బ్రాండు సిరప్, ఇంత బలం, ఆరో రోజున పొట్ట మీద మొదలైన చదునైన మచ్చలు, వాపు లేదు, ఆయాసం లేదు, జ్వరం లేదు, ఇన్ని రోజుల్లో తగ్గాయి, ఇదిగో ఫొటోలు అని రాసుకోండి. పదేళ్ల తర్వాత చూసే డాక్టరుకు ఆ నాలుగు వాక్యాలు చాలా పరీక్షలకు సమానం. ఖాళీ సీసాను, అట్టపెట్టెను పారేయకుండా బ్యాచ్ నంబరుతో సహా ఉంచండి. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి మందుల దుష్ఫలితాలను రోగులే నేరుగా తెలపవచ్చు. ఆ ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024.

దురద ఎక్కువగా ఉంటే సెటిరిజిన్ ఎంత ఇవ్వాలో పిల్లవాడి బరువు చెప్పి డాక్టరు గారిని అడగండి. మెత్తటి నూలు బట్టలు వేసి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండి. ఈ మచ్చలు వారం, పది రోజుల్లో రంగు మారి, కొన్నిచోట్ల సన్నని పొట్టు రాలి తగ్గుతాయి. నొప్పి లేకుండా, నోరు, కళ్లు బాగుండి అలా పొట్టు రాలితే కంగారుపడవలసిన పని లేదు.